జలీల్ భాయ్‌కి ఎక్కని కీర్తన

నేను ములకలపల్లి బడిలో తెలుగు సారుని. నాకు ఒక పాత వాగ్గేయకారుడంటే ప్రాణం. పక్కింటి టైలర్ జలీల్ భాయ్‌కి కూడా ఆ రుచి తెలియాలని, రెండేండ్ల నుంచి ప్రతి ఆదివారం మా ఇంట్ల కూర్చోబెట్టి ఆ వాగ్గేయకారుడి కీర్తనల క్యాసెట్లు వినిపిస్తున్న.

ఈ రోజు నేను రాగం గురించి చెప్తుంటే జలీల్ భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టిండు.

"సార్, కోపం చేయొద్దు. నాకిది అస్సలు ఎక్కుతలేదు. మీ మనసు నొస్తదేమోనని ఇన్ని దినాలు చెప్పలే."

"అయితే ఇగ మా ఇంటికి రావడం బందా భాయ్?" అన్న.

"ఎందుకు బంద్ సార్? నేను వచ్చేదే మీతోని ముచ్చట కోసం. టేపు ఆపుండ్రి, జర మాట్లాడుకుందాం."

ఆపేసిన. ఇద్దరం పడీపడీ నవ్వినం. ఆయన పాల్వంచలో కుట్టుపని నేర్చుకున్న రోజుల సంగతులు చెప్పిండు. రెండేండ్లలో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆయన పోయినంక అదే కీర్తన పెట్టుకున్న. ఇన్నాళ్లు ఆయనకు నచ్చిందా లేదా అని మొహం చూసుకుంట, నేనే సరిగ వినలేదని అర్థమైంది. ఎవరినీ ఒప్పించే పని లేకుండా వినడం ఎంత హాయో!

మీరు కూడా ఎవరినైనా ఇట్ల కూర్చోబెడుతున్నరా? ఒకసారి వాళ్లనే అడిగి చూడుండ్రి.