పైపుకు మెడ నొప్పి రాదు

బేగంబజార్‌లో మా గద్దె మీద కూర్చుని, ఒక్క ఫోన్‌తో, కాకినాడ తీరాన దిగే గ్యాసు ధరను యూనిట్‌కు నలభై రూపాయలు దించిన మొనగాణ్ని నేను. రోజుకు ఇరవై యూనిట్లు అవసరమైన చోట నలభై తీసుకుంటానన్నాను, అంతే. టోకున కొంటే ధర తగ్గుతుందన్న సంగతి మా ఇంట్లో పిల్లలు అక్షరాలకంటే ముందే నేర్చుకుంటారు. సంతకాలైన సాయంత్రం అరకిలో జిలేబీ పంచాను. రవాణా సంగతి మాత్రం ఎత్తలేదు. అదీ మా బజారు పద్ధతే. ముందు సరుకు ధర తేల్చుకోవాలి, హమాలీ కూలి సరుకు గుమ్మం దాకా వచ్చాక మాట్లాడాలి. నెత్తిన బస్తాతో నిలబడ్డవాడు ఎంతసేపని బేరమాడతాడు?

గ్యాసు నా కోసం కాదు. నాది పాత్రల కొట్టు. ఆ కొట్టుకు ముప్పై ఏళ్లుగా గుడిగంటలు, పాన్‌దాన్లు పోతపోసి ఇస్తున్నది పాతబస్తీలోని సలీం భాయ్. ఆయన గల్లీలో ఇత్తడి కరిగించే ఆరు భట్టీలూ నెలాఖరుకల్లా బొగ్గు మానేసి గ్యాసుకు మారాలని నోటీసు వచ్చింది. ఆరుగురూ కలిసి బేరానికి నన్ను ముందుంచారు. అమ్మినవాళ్లు హామీ అడిగితే సలీం భాయ్ తన భట్టీ ఉన్న షెడ్డు కాగితాలు బ్యాంకులో పెట్టాడు. ఒకటో తారీఖు నుంచి మేం గ్యాసు తీసుకున్నా తీసుకోకపోయినా డబ్బు కట్టాలి. కట్టకపోతే షెడ్డు పోతుంది. ఇక మిగిలింది ఆ గ్యాసును పైపులో హైదరాబాద్‌కు తెప్పించుకునే ఒప్పందం. దానికోసమే బయల్దేరాం.

సోమవారం ఉదయం ఆరున్నరకు సికింద్రాబాద్‌లో రైలెక్కాం. సలీం భాయ్ డబ్బాలో రోటీలు, ఆలూ కూర తెచ్చాడు, నాకోసమని మాంసం మానేసి. వరంగల్ దాటాక ఎదుటి సీటాయన మాట కలిపాడు. గోదావరి జిల్లాలో టైల్స్ ఫ్యాక్టరీ మేనేజరట. నా బేరం సంగతి గొప్పగా చెప్పాను.

"గ్యాసు కొన్నారు, బావుందండీ. మరి పైపులో చోటు కొన్నారా?"

"గా ముచ్చట రేపు మాట్లాడ్తం."

ఆయన కాసేపు నవ్వి, తన కార్డు నా చేతిలో పెట్టాడు. "ఎందుకైనా మంచిది, ఉంచుకోండి."

"ఏంది భాయ్, గట్ల నవ్వుతుండు?" అని సలీం భాయ్ నా చెవిలో అడిగాడు.

"టైల్స్ చేసేటోడు. మన లెక్కలు ఆయనకేం ఎరుక? నువ్వు ఫికర్ చెయ్యకు."

మూడింటికి సామర్లకోటలో దిగి, బస్సులో కాకినాడ చేరాం. బస్టాండు దగ్గర లాడ్జి, రెండు మంచాల గది, రోజుకు తొమ్మిది వందలు. పదకొండు వందలు చెప్పాడు, నేను తగ్గించాను. ఆ యాత్రలో నేను గెలిచిన మొదటి బేరం.

మంగళవారం పదిన్నరకు పైపులైను ఆఫీసులో కూర్చున్నాం. ఇంజనీరమ్మకు ముప్పై ఏళ్లుంటాయేమో.

"మేడమ్, రోజూ నలభై యూనిట్లు. రేటు జర చూసి చెప్పుండ్రి," అన్నాను.

"రేటు చూసి చెప్పేదేం ఉండదండీ. అందరికీ ఒకటే."

మా బజారులో ఈ మాటకు ఒక జవాబు ఉంది. లేచి వెళ్లిపోవాలి. మూడో అడుగులో వెనక్కి పిలుస్తారు. లేచాను. మూడు అడుగులు వేశాను, నాలుగోదీ వేశాను, తలుపు దాకా వెళ్లాను. వెనక్కి చూస్తే ఆవిడ ఇంకో ఫైలు తెరిచింది. నా అంతట నేనే తిరిగొచ్చి కూర్చున్నాను. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది.

ఆవిడ ఓపికగా చెప్పింది. "మీకు నలభై యూనిట్ల చోటు పక్కన పెడతాం. గ్యాసు పంపినా పంపకపోయినా దాని కిరాయి కట్టాలి. రైల్లో సీటు తీసుకుని ఎక్కకపోతే డబ్బులు వెనక్కిస్తారా అండీ? ఇంకోటి, మా పైపు మీ ఊరి శివారు దాకానే. అక్కణ్నుంచి ఊళ్లో పైపుల కంపెనీ అందుకోవాలి. వాళ్ల ఉత్తరం ఉందా?"

దర్జాగా తీసి ఇచ్చాను. ఆవిడ మొదటి పేజీ చదివి, రెండో పేజీ తిప్పింది.

"వాళ్ల లైను మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయిందట. మీ గల్లీలోకి రావడానికి ఏడాది పడుతుందని రాశారు. చదవలేదాండీ?"

మొదటి వాక్యంలో 'అభ్యంతరం లేదు' అని ఉంది. ఆ రోజు అంతవరకే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను.

సలీం భాయ్ మెల్లగా అడిగాడు. "అంటే మేడమ్, గ్యాస్ ఈడ, నా భట్టీ ఆడ, నడిమిట్ల ఏడాది?"

"అవునండీ."

"గా ఏడాదంతా గ్యాసుకూ కట్టాలె, పైపుకూ కట్టాలె?"

ఆవిడ మంచినీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపింది. "నేను చెప్పకూడదు గానీ, పైపు ఒప్పందం మీద సంతకం పెట్టకండి."

బయటికొచ్చి మెట్ల మీద నిలబడ్డాం. హమాలీ అయితే ఎప్పుడో ఒకప్పుడు బరువు దించుకోవాలని చూస్తాడు. పైపుకు మెడ నొప్పి రాదు. నలభై యూనిట్లు నెత్తిన పెట్టుకుని నిలబడ్డది నేను. ఒకటో తారీఖుకు ఇంకా ఆరు రోజులున్నాయి. జేబులోంచి రైల్లో ఇచ్చిన కార్డు తీశాను.

నాలుగింటికి టైల్స్ మేనేజరు ఒక టిఫిన్ హోటలుకు వచ్చాడు. మా గ్యాసు ఒప్పందం మొత్తం, పైపు ఎప్పుడో చేరిన తన ఫ్యాక్టరీ పేరు మీదికి మార్చుకుంటాడట. అలా మార్చుకున్నందుకు మేమే ఐదు లక్షలు ఇవ్వాలట. ఒకటో తారీఖులోగా మాకు ఇంకో దారి లేదని ఆయనకు తెలుసు.

"మూడిస్తం," అన్నాను.

ఆయన చేయి తుడుచుకుని లేచాడు. ఒక అడుగు వేశాడు, రెండో అడుగు వేశాడు. మూడో అడుగులో నేనే పిలిచాను. నాలుగు లక్షలకు తెగింది.

బుధవారం ఉదయం అమ్మినవాళ్ల ఆఫీసులో పేరు మారింది. షెడ్డు మీది హామీ వదిలేస్తున్నట్టు ఉత్తరం ఇచ్చారు. సలీం భాయ్ దాన్ని రెండు పేజీలూ చదివాడు, మళ్లీ మొదటి నుంచి చదివాడు, ఆ తర్వాతే జేబులో పెట్టుకున్నాడు.

ఒంటిగంట రైలుకు తిరుగు ప్రయాణం. రాజమండ్రి దాటాక సలీం భాయ్ నా వైపు తిరిగాడు.

"భట్టీ ఆర్పేస్త," అన్నాడు. "పనోళ్లు ముగ్గురూ బార్కస్ దిక్కు వెల్డింగ్ పని చూస్కుంటమన్నరు. ఇగ పిరమైన సిలిండర్లతోని గంట పోస్తే, గా ధరకు నువ్వే కొనవు."

నిజమే. కొనను.

"షెడ్డు కిరాయికిస్త. నీ ప్లాస్టిక్ బకెట్లకు గోదాం కావాలంటివి గదా. నెలకు ఎనిమిది వేలియ్యి."

"ఏడు," అంది నా నోరు, నాకంటే ముందు.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. రెండు స్టేషన్లు పోయాక, "సరే, ఏడు," అన్నాడు.

మా తర్వాత ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒకటే మాట. గ్యాసు ధర అడగకముందే మీ గల్లీ చివర నిలబడి పైపు ఎంత దూరంలో ఆగిందో చూసుకోండి. ఉత్తరం రెండో పేజీ చదవండి.

ఇక లెక్క. ఇద్దరికీ రైలు రానుపోను పదహారు వందలు. బస్సులు, ఆటోలు ఆరు వందల నలభై. లాడ్జి రెండు రోజులకు పద్దెనిమిది వందలు. తిండి, టీలు పన్నెండు వందల అరవై. మొత్తం ఐదు వేల మూడు వందలు. పైన నాలుగు లక్షలు. అదంతా నేనే భరించానని రాసుకోవాలని ఉంది గానీ, ఆరుగురూ తలా పాతిక వేలు ఇస్తే తీసుకున్నాను. నలభై రూపాయల తగ్గింపుతో మా భట్టీలకు వచ్చిన గ్యాసు, సున్నా యూనిట్లు. గోదాం కిరాయిలో నెలకు వెయ్యి తగ్గింది. ఈ యాత్రలో నాకు మిగిలింది అదే.