ఆర్విన్ ముక్కుకు తొందర లేదు

ఆర్విన్ లెమ్కీ ఒక్క బేస్‌బాల్ కార్డుకు గ్రేడు తేల్చేలోపు ఆయన భార్య బెర్నిస్ స్వెటర్ మొదలుపెట్టి, అల్లి, ఉతికి, ఆరేసి, మనవరాలికి తొడిగేది. ఆ పిల్లకది పొట్టిదైపోయి పక్కింటి పిల్లకు ఇచ్చేసేటప్పటికి కూడా ఆర్విన్ భూతద్దం దించేవాడు కాదు. ఇది బెర్నిస్ లెక్క. షికాగోకు ఉత్తరాన ఉన్న ఆ మెనాషా ఊళ్ళో మిగతావాళ్ళ లెక్కలు ఇంతకంటే ఘోరంగా ఉండేవి.

ఆలస్యమంతా ఆయన ముక్కు దగ్గర జరిగేది. ఆటగాళ్ళ బొమ్మలతో అచ్చయి, జనం దాచుకునే కార్డులవి; ఎంత చెడకుండా ఉంటే పదికి అంత గ్రేడు, అంత ధర. కార్డు చేతికిస్తే వేరేవాళ్ళు ముందు నాలుగు మూలలు చూస్తారు, బొమ్మ మధ్యలో ఉందా పక్కకు జరిగిందా అని చూస్తారు, మడత పడిందేమో చూస్తారు. ఆర్విన్ ముందు కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. నది ఒడ్డున ఉన్న కాగితం మిల్లులో ముప్ఫై ఎనిమిదేళ్ళు తనిఖీ ఉద్యోగం చేసిన మనిషి. ఏ కాగితం ఏ ఏడాదిదో, ఎండలో ఉందో తడిలో ఉందో ముక్కుతోనే చెప్పేవాడు. కాకపోతే వెంటనే చెప్పేవాడు కాదు.

"ఇది నిదానంగా చూడాల్సిన సరుకు" అనేవాడు.

పెళ్ళి చేసుకుంటావా అని బెర్నిస్‌ను అడగడానికి నాలుగేళ్ళు తీసుకున్నప్పుడు కూడా ఆయన ఇదే మాట అన్నాడు. ఆమె తండ్రి మండిపడి, "మా అమ్మాయి సరుకా?" అంటే, "అందుకే కదండీ నిదానం" అన్నాడట.

శుక్రవారం చేపల వేపుడు తినడానికి హోటలుకు వెళ్తే వంటకాల జాబితా తీసుకుని ముక్కుకు ఆనించుకునేవాడు.

"ఇది పోయినేటి అట్ట. మూలన వెన్న మరక. ఆరుకు మించి గ్రేడు ఇవ్వలేను."

"చేప కావాలా వద్దా ఆర్విన్?" వడ్డించే మనిషి పెన్నులో సిరా ఎండిపోయేది.

"ఆగమ్మా, వెనకవైపు చూడనీ."

ఈలోగా బెర్నిస్ ఇద్దరికీ చేప చెప్పేసి, తన వంతు తినేసి, ఆయన వంతులో సగం కూడా తినేసేది.

తొంభై ఒకటిలో దేశమంతటికీ కార్డుల పిచ్చి పట్టింది. అటకల మీదా, నేలమాళిగల్లోనూ మగ్గుతున్న చెప్పుల పెట్టెలన్నీ బయటికొచ్చాయి. రస్ పెల్కీ అనే కుర్రాడు మెయిన్ వీధిలో కార్డుల కొట్టు తెరిచి, రిటైరై ఖాళీగా ఉన్న ఆర్విన్‌ను గ్రేడు చెప్పడానికి కూర్చోబెట్టాడు. తరవాత తల పట్టుకున్నాడు.

ఒకరోజు గిల్ అనే లారీ డ్రైవరు తన తండ్రి దాచిన పాత కార్డు తెచ్చాడు, బంతి విసిరే ఆటగాడిది. బయట లారీ ఇంజను ఇంకా ఆపలేదు.

"ఎంత పలుకుతుందో చెప్పు, అమ్మేసి పోతాను."

ఆర్విన్ వాసన చూశాడు. గోడ గడియారం చూశాడు. మళ్ళీ వాసన చూశాడు.

"మీ నాన్న పైపు తాగేవాడా?"

"తాగేవాడు."

"చెర్రీ పొగాకు. చొక్కా జేబులో చాలాకాలం ఉంది ఈ కార్డు. మీకు కుక్క ఉండేదా?"

గిల్ నోరు తెరిచాడు. "ఉండేది. మాగీ. దాని వాసన కూడా వస్తోందా?"

"కుక్క వాసన రాదు. ఇదిగో, ఈ మూల పళ్ళగాటు. మంగళవారం రా, గ్రేడు చెప్తాను."

గిల్ బయటికెళ్ళి లారీ ఇంజను ఆపి లోపలికొచ్చాడు. మాగీ గురించి గంటసేపు చెప్పాడు. ఆనక కార్డు చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మంగళవారం రాలేదు.

"పెద్దాయనా, కొట్టుకు సరుకు రావాలి. నువ్వు వచ్చినదాన్ని కూడా తిప్పి పంపిస్తున్నావు" అని రస్ మొత్తుకున్నాడు.

"తిప్పి పంపలేదు. వాసన చూశానంతే."

కొట్టు సంగతి ఎలా ఉన్నా, బెర్నిస్‌కు అసలు బాధ గురువారాలతో మొదలైంది.

ఆ ఏడాది మే నెలలో వర్నా హౌగెన్ అనే ఎనభై నాలుగేళ్ళ పెద్దావిడ కొట్టుకు ఫోన్ చేసింది. భర్త క్లారెన్స్ పోయి రెండేళ్ళయింది. ఆయన దాచిన పెట్టె ఒకటుంది, రెండు వందల కార్డులు, ఎవరైనా ఇంటికొచ్చి చూస్తారా అని అడిగింది. ఆర్విన్ ఒక్కరోజని వెళ్ళాడు. తిరిగొచ్చి, "నిదానంగా చూడాల్సిన సరుకు. వారానికి ఒక్క కార్డే" అన్నాడు.

అది మొదలు ప్రతి గురువారం మధ్యాహ్నం గడ్డం గీసుకుని, టై కట్టుకుని వెళ్ళేవాడు. చర్చికి పోవడానికి టై కట్టుకోమంటే మెడ దురద అనే మనిషికి గురువారం మాత్రం దురద పుట్టేది కాదు. నాలుగు గంటలు అక్కడే. వచ్చాక ఏం చూశావని అడిగితే, "ఒక కార్డు" అనేవాడు. "నాలుగు గంటలూ?" అంటే, "వెనకవైపు కూడా ఉంటుంది కదా బెర్నీ" అనేవాడు.

చర్చి నేలమాళిగలో కాఫీలు పోసేటప్పుడు ఆడవాళ్ళు బెర్నిస్‌ను ఆటపట్టించడం మొదలుపెట్టారు.

"ఎనభై నాలుగేళ్ళావిడ మీద అనుమానమేంటే?"

"అనుమానం కాదు. నాకు నలభై ఏళ్ళలో నాలుగు గంటలు ఒక్కసారి కూడా కేటాయించలేదు, అదీ నా ఏడుపు" అంది బెర్నిస్. నవ్వుతూనే అంది గానీ, ఇంటికి వెళ్ళేదారిలో ఆ మాట ఆమెకే గుచ్చుకుంది.

ఈలోపు ఊళ్ళో ఇంకో పుకారు లేచింది. ఆర్విన్ లెమ్కీ పది నెలలుగా ఒకే పెట్టె చూస్తున్నాడంటే అందులో ఎంత నిధి ఉండాలి? రస్ ఆగలేక ఈ సంగతి ఒక కార్డుల సంతలో గొప్పగా చెప్పేశాడు. అది షికాగో దాకా పాకింది. మరుసటి మార్చిలో లెస్టర్ క్విన్ అనే వ్యాపారి, ఈ గురువారం మూడింటికి వస్తున్నానని తిన్నగా వర్నాకే ఫోన్ చేశాడు.

ఆ గురువారమే ఆర్విన్, బెర్నిస్‌ల నలభయ్యో పెళ్ళిరోజు.

పొద్దున బెర్నిస్ కాఫీ పోస్తూ ఎదురుచూసింది. ఆర్విన్ తల ఎత్తి, గాలి పీల్చి, "మూడో ఇంట్లో క్రూగర్లు ఉల్లిపాయలు మాడ్చేశారు" అన్నాడు.

"ఇంకేమైనా గుర్తొస్తోందా?"

"పెళ్ళిరోజు. సాయంత్రం భోజనానికి వెళ్దాం. మధ్యాహ్నం మాత్రం వర్నా గారింటికి పోవాలి."

"ఇవాళ కూడానా?"

"గురువారం కదా బెర్నీ."

ఆయన టై కట్టుకుని వెళ్ళిపోయాడు. బెర్నిస్ గిన్నెలు కడిగింది, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. మూడున్నరకు పక్కింటావిడ కారు అడిగి తీసుకుని బయల్దేరింది. ఏమంటుందో ఆమెకే తెలియదు. ఏదో ఒకటి అనాలి, అంతవరకు ఖాయం.

వర్నా ఇంటి ముందు రెండు కార్లున్నాయి. ఒకటి ఆర్విన్‌ది, ఇంకోటి షికాగోది. ఆర్విన్ మాత్రం టై మీద కోటు వేసుకుని పెరటి మెట్ల మీద మంచు ఎత్తిపోస్తున్నాడు, వీధి వైపు వీపు పెట్టి. ఆయన్ను పిలవకుండా బెర్నిస్ వీధి తలుపు తట్టి లోపలికి వెళ్ళింది.

వంటింట్లో బల్ల మీద పెట్టె తెరిచి ఉంది. లెస్టర్ క్విన్ ఒక కార్డు తీశాడు, పడేశాడు. ఇంకోటి తీశాడు, పడేశాడు. మూడు నిమిషాల్లో అరపెట్టె ఖాళీ చేశాడు. ఆర్విన్ వేగం చూసిన కళ్ళకు అది దొంగతనంలా కనపడింది.

"అమ్మా, ఇవన్నీ నకళ్ళు. పాత కార్డులు కావు, పాతవాటికి కొత్త అచ్చులు. ఒక్కటి కూడా..."

"మెల్లగా నాయనా, మెల్లగా. బయట ఆయనకు వినిపిస్తుంది" అంది వర్నా, కిటికీ వైపు చూస్తూ. "అందుకే మంచు ఎత్తమని పంపాను. నాకు తెలుసులే. డెబ్బై ఎనిమిదిలో ట్యాంకు నిండా పెట్రోలు పోయించుకుంటే బంకులో ఒకటి ఉచితంగా ఇచ్చేవాళ్ళు. క్లారెన్స్‌కు అది పిచ్చయిపోయింది. ట్యాంకు ఖాళీ అవ్వాలి కదా, నన్ను కారెక్కించుకుని రోజూ సరస్సు చుట్టూ తిప్పేవాడు. మా కాపురంలో మేమిద్దరం అంతగా తిరిగింది ఆ ఒక్క ఏడే."

"తెలిసే పది నెలలుగా గ్రేడులు చూపిస్తున్నారా?" క్విన్ తెల్లబోయాడు.

వర్నా బెర్నిస్ చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"నువ్వు బెర్నిస్‌వి కదూ? ఆయన నోట ఎప్పుడూ నీ పేరే. అమ్మాయ్, నీకు చెప్పకపోతే పాపం. వీటి గురించి కనుక్కుని ఎవరికైనా ఇచ్చేద్దామని పిలిచాను, అంతే. మీ ఆయన మొదటి కార్డు వాసన చూశాడు. చాలాసేపు చూశాడు. ఏదో చెప్పబోయి ఆగి, నా బల్ల చూశాడు, గడియారం చూశాడు, ఇది నిదానంగా చూడాల్సిన సరుకు అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాగితం చూసిన మనిషి, పెట్రోలు బంకు కార్డును పోల్చుకోలేకపోయాడు! వయసు కదా, ముక్కు పోయింది పాపం. ఆ ముక్కంటే ఆయనకెంత గర్వమో. మీ ముక్కు పోయిందండీ అని ఏ నోటితో చెప్పను? సరేలే, వచ్చినన్నాళ్ళు వస్తాడు, పెద్దమనిషి, కబుర్లు బాగా చెప్తాడు అనుకున్నాను."

బెర్నిస్‌కు పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. మూడిళ్ళ అవతల మాడిన ఉల్లిపాయ పొద్దున ఆ ముక్కుకు తగిలింది. ఆ ముక్కుకేమీ కాలేదు. ఆర్విన్‌కు అన్నీ తెలుసు, మొదటి రోజే తెలుసు. బల్ల వైపు చూశాడని వర్నా అంది. బెర్నిస్ కూడా చూసింది. ఆరుగురు కూర్చునే బల్ల. ఒకే కుర్చీ ముందు, బల్ల మీద పరిచిన పువ్వుల గుడ్డ అరిగి రంగు వెలిసింది. మిగతా ఐదు చోట్లా పువ్వులు కొత్తగా ఉన్నాయి. కాదు, నాలుగు చోట్లే. కిటికీ పక్క కుర్చీ ముందు పువ్వులు కొంచెం కొంచెంగా చెరుగుతున్నాయి.

పెరటి తలుపు దగ్గర బూట్లు దులుపుకుంటున్న చప్పుడు.

"నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆయనకు చెప్పకు" అంది వర్నా.

క్విన్ కార్డులన్నీ గబగబా పెట్టెలో సర్దాడు. ఆర్విన్ లోపలికొచ్చి, తెరిచిన పెట్టె చూశాడు, టై కట్టుకున్న కొత్త మనిషిని చూశాడు, భార్యను చూశాడు. మంచు ఎత్తడంతో ఎర్రబడిన ముఖం తెల్లగా పాలిపోయింది.

"మీరు... అప్పుడే చూసేశారా?"

క్విన్ గొంతు సవరించుకున్నాడు. "చూశానండీ. ఇది నా తాహతుకు మించిన సరుకు. దీనికి మీలాంటి అనుభవం ఉన్నవాళ్ళు కావాలి. తొందరపడితే చెడిపోతుంది."

ఆర్విన్ ఆ మనిషి ముఖం చాలాసేపు చూశాడు, ఆయన అలవాటు ప్రకారం. ఆనక మెల్లగా కిటికీ పక్క కుర్చీ లాక్కుని, "అవును. నేనూ అదే అంటున్నాను" అన్నాడు.

"బెర్నిస్, నువ్వెందుకు వచ్చావు తల్లీ?" అని వర్నా కాపాడబోయింది.

బెర్నిస్ వచ్చేదారిలో సిద్ధం చేసుకున్న మాటలన్నీ మింగేసింది. "పెళ్ళిరోజు కదా, ఈయన కార్డు చూస్తే నేను చూద్దామని."

క్విన్‌కు అక్కడ ఇక పని లేదు, అయినా ఐదున్నర దాకా వెళ్ళలేదు. వర్నా పెట్టిన నిమ్మకాయ కేకు ముక్కలు నాలుగు తిన్నాడు. ఆ వారం కార్డు ఎడం చేతివాటంతో బ్యాటు తిప్పే ఆటగాడిది. ఆర్విన్ దానికి ఏడు ఇచ్చాడు. ఎందుకు ఏడో గంటంపావు చెప్పాడు. వర్నా మధ్యమధ్యలో, "అలాగా! నేను గమనించనే లేదు" అంటూ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

పక్కింటి కారు తిరిగిచ్చేసి, సాయంత్రం ఇద్దరూ ఒకే కారులో భోజనానికి బయల్దేరారు. వంతెన దగ్గర ఎర్రదీపం పడింది. పచ్చదీపం వచ్చినా ఆర్విన్ కారు కదపలేదు.

"బెర్నీ, నీకో సంగతి చెప్పాలి. ఎవరితోనూ అనకు. ఆ కార్డులన్నీ నకళ్ళు."

"అయ్యో" అంది బెర్నిస్.

"మొదటి రోజే వాసన పట్టాను. చెప్దామనుకున్నాను. ఆవిడ నా కోసం రెండో కప్పు వెతకడానికి అలమారాలన్నీ తీసింది. దొరికాక దాని దుమ్ము కడిగింది. ఇక చెప్పలేకపోయాను. నీకు ముందే చెప్పాల్సింది. కానీ నీ ముఖంలో ఏ రహస్యమూ ఆగదు, ఎక్కడైనా ఆవిడ ఎదురుపడితే చెప్పేసేదానివి."

"నిజమే, నాకేదీ దాచడం రాదు" అంది బెర్నిస్, కిటికీలోంచి నది వైపు చూస్తూ, పెదవి కొరుక్కుంటూ. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

తరవాతి గురువారం ఆర్విన్ టై కట్టుకుని వచ్చేసరికి బెర్నిస్ కారులో కూర్చుని ఉంది, ఒళ్ళో వేడి వేడి యాపిల్ కేకు పెట్టుకుని.

"ఇంకా ఎన్ని కార్డులున్నాయి?"

"నూట అరవై."

బెర్నిస్ వేళ్ళు మడిచి లెక్క కట్టింది. మూడేళ్ళ పైచిలుకు. వర్నాకు ఎనభై ఎనిమిది వస్తాయి. ఆమె కేకు మీది గుడ్డ సర్ది, ముఖం చిట్లించుకుంది.

"వారానికి ఒకటి చొప్పున చూసేస్తే ఎలాగయ్యా? ఇంకాస్త నిదానంగా చూడలేవా?"