మా చిట్టి దగ్గు, నా అనుమానాలు

చిట్టి మొదటిసారి దగ్గిన రోజు మా ఇంట్లో చేపల పులుసు. అందుకే నా చూపు ముందు అత్తయ్య మీదకే పోయింది.

చిట్టి మా పొమేరియన్ కుక్క. తెల్లగా, బొద్దుగా ఉంటుంది. ఆ సాయంత్రం నేను పాఠాలు చెప్పే స్కూల్ నుంచి వచ్చి గేటు తీయగానే ఎగురుకుంటూ వచ్చి, మధ్యలో ఆగిపోయి, మెడ చాచి దగ్గడం మొదలుపెట్టింది. అచ్చం బాతు అరిచినట్టుంది. గొంతులో ఇరుక్కున్నదేదో కక్కలేక అవస్థ పడుతున్నట్టు కనిపించింది. ముల్లే అనుకున్నాను. మా కాకినాడలో ఎవరైనా అదే అనుకుంటారు. అత్తయ్యది ఉప్పాడ, చేప లేనిదే ఆవిడకి ముద్ద దిగదు. చిట్టికి పెట్టారా అని అడిగితే లేదన్నారు. నేను నమ్మలేదు. ముల్లు గుచ్చుకుంటే మనుషులం చేసే పనే దానికీ చేశాను. మెత్తటి అన్నం ముద్ద నోట్లో పెట్టి మింగించాను. దగ్గు ఇంకా ఎక్కువైంది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరుగారు టార్చి వేసి చూసి, ముల్లూ లేదు, గాయమూ లేదు అన్నారు. కెన్నెల్ కాఫ్, అంటే కుక్కలకి వచ్చే అంటు దగ్గు కావచ్చని యాంటీబయాటిక్, సిరప్ రాశారు. అంత త్వరగా చూస్తే ముల్లు ఏం కనపడుతుందిలే అని నాకు లోపల పీకుతూనే ఉంది. మందులు అయిపోయాయి, దగ్గు పోలేదు. గేటు చప్పుడైనా, నీళ్ళు తాగినా, గొలుసు లాగినా మొదలయ్యేది. అమ్మినవాడు రోగిష్టి పిల్లని అంటగట్టాడేమో అని ఒకసారి, పక్కింటివాళ్ళు ఏదైనా విసిరారేమో అని ఇంకోసారి అనుకునేదాన్ని. చివరికి అనుమానం తిరిగి తిరిగి అత్తయ్య దగ్గరకే వచ్చేది. ఆవిడ భోంచేస్తుంటే ఏదో పని ఉన్నట్టు వెళ్ళి కంచంలో ముళ్ళు చూసేదాన్ని. ఆవిడ గమనించారు. కంచం కాస్త నా వైపుకి జరిపి తినసాగారు.

తర్వాత చిన్న కుక్కలని ఎక్కువగా చూసే ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాం. ఆవిడ రెండు వేళ్ళతో చిట్టి గొంతు మీద మెల్లగా నొక్కారు. వెంటనే అదే బాతు దగ్గు. ఎక్స్‌రే తీశారు. ముల్లు ఎక్కడుందో చూపించమన్నాను.

“ముల్లు కాదండి, ట్రాకియల్ కొలాప్స్. గాలి గొట్టం మెత్తబడి, ఊపిరి తీసినప్పుడు అణిగిపోతోంది. ఈ బ్రీడ్‌లో చాలా కామన్” అన్నారు.

పూర్తిగా నయం కాదు గానీ అదుపులో పెట్టుకోవచ్చట. మెడకి కాలర్ తీసేసి ఛాతీకి వేసే హార్నెస్ వాడమన్నారు. సాంబ్రాణి, దోమల చక్రం పొగ తగలకూడదన్నారు. దగ్గుకి మాత్రలు ఇచ్చారు. అన్నిటికంటే ముఖ్యం బరువు తగ్గడమని, అది తగ్గకపోతే మందులు పనిచేయవని గట్టిగా చెప్పారు.

ఆ రోజు నుంచి దాని తిండి నా చేత్తోనే కొలిచి పెట్టాను. ఇంట్లో అందరూ సరేనన్నారు. మా ఆయనైతే రోజూ పొద్దున్నే తనే నడకకి తీసుకెళ్తానన్నారు. పోనీలే, ఒక్కరైనా నా మాట విన్నారని సంతోషించాను.

మళ్ళీ చూపించినప్పుడు చిట్టి బరువు పెరిగింది. డాక్టరమ్మ నా వంక అదోలా చూశారు. కొలత గ్లాసు గురించి ఎంత చెప్పినా ఆవిడ నమ్మినట్టు లేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే, బాగా ఉక్కగా ఉన్న ఒక సాయంత్రం, చుట్టాలు వచ్చారని గంతులు వేసి చిట్టి కూలబడిపోయింది. నాలుక నీలంగా మారింది. ఆటోలో క్లినిక్‌కి వెళ్తున్నంతసేపూ అది నా ఒళ్ళోనే పోతుందని భయపడ్డాను. ఇంజెక్షన్ చేసి ఆక్సిజన్ పెట్టారు. నాలుక మళ్ళీ ఎర్రబడ్డాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచారు.

“ఇంట్లో ఎవరో పెడుతున్నారండి. ఇంకోసారి ఇలా వస్తే ఇక్కడిదాకా తీసుకురాగలరో లేదో నేను చెప్పలేను.”

ఇంటికి రాగానే మా ఆయన ఎదురుగానే అత్తయ్యని నిలదీశాను. చేప ముక్కలు పెడుతున్నది మీరేగా అన్నాను. లేదమ్మా అన్నారు. అప్పుడు మా ఆయన కలగజేసుకుని, అమ్మ తెలియక పెట్టి ఉంటుంది, ఇక పెట్టదులే, ఊరుకోమన్నారు. అత్తయ్య కొడుకు వంక ఒకసారి చూసి, లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మరో వారానికి ఆయన ఆఫీసు పని మీద రాజమండ్రి వెళ్తే నడకకి చిట్టిని నేను తీసుకెళ్ళాను. అది నన్ను లాక్కుంటూ రెండు వీధులు దాటించి, ఒక టిఫిన్ బండి ముందు కూర్చుంది. బండావిడ నన్నేమీ అడగకుండానే ఆకు ముక్కలో సగం నెయ్యి పెసరట్టు దాని ముందు పెట్టింది.

“సారు ఊళ్ళో లేరాండి? ఉల్లిపాయ లేకుండానే వేశానండి. దీనికి పడదని సారు చెప్పారు కదా.”

ఇంటికొచ్చి సంగతి చెబితే అత్తయ్య ఆశ్చర్యపోలేదు. రోజూ పొద్దున్నే చిట్టి మూతి నెయ్యి వాసన వస్తోందని, తనకి ముందే తెలుసని అన్నారు. మరి ఆ రోజే చెప్పొచ్చు కదా అన్నాను.

“మీరు పెట్టారా అని నన్ను అడిగావు గానీ, ఎవరు పెడుతున్నారని అడిగావా? అడక్కుండా నా కొడుకు మీద నేనే ఎలా చెప్పనమ్మా?”

నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది. వీళ్ళ మొహమాటాల మధ్య ఆ మూగజీవం ప్రాణం మీదకి వచ్చింది కదా. ఆ రాత్రి తిరిగొచ్చిన మా ఆయన ముందు బుకాయించారు. తర్వాత, బండి దగ్గర అది అలా చూస్తుంటే, దానికి పెట్టకుండా తనకి తినబుద్ధి కాలేదన్నారు. తల్లి దగ్గరకి వెళ్ళి, నీ మీదకి తోసేశానమ్మా అని ఒప్పుకున్నారు. ఆవిడ అతనికి అన్నం వడ్డించడానికి లేచారు.

ఇప్పుడు పొద్దున్న నడక నాది. చిట్టి బరువు బాగా తగ్గింది. ఎండాకాలంలో దగ్గు వస్తూనే ఉంటుంది, మాత్రలు నడుస్తున్నాయి. నాలుక మాత్రం మళ్ళీ నీలం కాలేదు. నడక నాదే అయినా, దాని మూతిని అత్తయ్య రోజూ వాసన చూస్తారు, ఆవిడ తర్వాత నేనూ చూస్తాను.

ఈ జాతి కుక్కని పెంచుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. తిండి కొలిచి పెడుతున్నా బరువు తగ్గకపోతే, ఎవరి మీదా పడకుండా, అది ఎక్కడెక్కడ ఏం తింటోందని ఇంట్లో అందరినీ విడివిడిగా అడగండి. మీకు అస్సలు అనుమానం లేని మనిషితో మొదలుపెట్టండి.