నీలం రాని నెత్తళ్లు

1996 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం 9 గంటల 20 నిమిషాలు. స్టీల్ ప్లాంటు ల్యాబ్‌లో టైట్రేషన్ చేస్తుండగా నా చెయ్యి వణికి బ్యూరెట్ నుంచి మూడోసారీ చుక్క ఎక్కువ పడింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒకే నమూనాను మూడుసార్లు పాడుచేయడం అదే మొదలు. నాడి 118.

రక్తపరీక్షలో టీ3, టీ4, టీఎస్‌హెచ్ చూసి డాక్టరు "థైరోటాక్సికోసిస్, థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తోంది" అన్నారు. దాన్ని అదుపు చేసే కార్బిమజోల్ మాత్ర మొదలుపెట్టారు. ఏప్రిల్ 2న జ్వరం, గొంతునొప్పి. మాత్ర వల్ల తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయాయి. మాత్ర ఆపేశారు.

"ఇక రేడియో అయొడిన్ ఒక్కటే దారి. గ్రంథి దాన్ని పీల్చుకుని తనే మాడిపోతుంది. ఆలస్యమైతే గుండె తట్టుకోదు" అన్నారు. గ్రంథి అయొడిన్ ఆకలితో ఉండాలని, డోసుకు ముందు రెండు వారాలు అయొడైజ్డ్ ఉప్పు, సముద్రపు చేపలు మానమని కాగితం రాసిచ్చారు.

నేను కాగితం కంటే నా చదువును నమ్మాను. అయొడిన్ కలిపిన ఉప్పు మీద పరీక్ష ద్రావణం వేస్తే ద్రావణంలోని గంజి నీలమవుతుంది. పక్క ఊరు కుమ్హారిలో కొన్న రాళ్ల ఉప్పు నీలం కాలేదు, వాడాను. అంతలో మా ఊళ్లోనే ఖుర్సీపార్ బస్తీలో ఉండే అక్క ఎండు నెత్తళ్లు, అంటే సముద్రపు చిన్న చేపలు, తెచ్చింది.

"ఏటిరా, నీసు లేని కూడేటి? ఎలా ఎండిపోయినావో చూసుకో. డాక్టర్ సాబ్‌కి చెప్పకు, తిను."

నెత్తళ్లు నానిన నీళ్లను పరీక్షించాను. నీలం రాలేదు. డైరీలో "అయొడిన్ లేదు" అని రాసి, పద్నాలుగు రోజుల్లో పదకొండు రోజులు తిన్నాను.

మే 14, డోసు కోసం నాగపూర్ ఆసుపత్రి. "అప్‌టేక్, అంటే గ్రంథి అయొడిన్ పీల్చుకోవడం, చాలా తక్కువ. మీ గ్రంథి ముందే నిండి ఉంది. ఏం తిన్నారు?" అని అక్కడి డాక్టరు అడిగారు. డైరీ చూపించాను.

"మీ పరీక్ష ఉప్పులో కలిపిన అయొడేట్‌ను మాత్రమే పడుతుంది. చేపలో అయొడిన్ వేరే రూపంలో ఉంటుంది. గంజికి తెలియదు, గ్రంథికి తెలుసు."

ఆ రోజు డోసు రద్దయింది, మళ్లీ ఐదు వారాల తర్వాతే అన్నారు. అయొడిన్ లాంటి హాలోజన్లు ప్రకృతిలో విడిగా దొరకవు, దేనితోనో కలిసే ఉంటాయన్నది ట్రైనీలకు నేను చెప్పే మొదటి పాఠం.

ఇంటికొచ్చి అక్క మీద విరుచుకుపడ్డాను. "నన్ను చంపడానికే తెచ్చావు!"

"నీ రంగునీళ్లు చూసుకునే కదరా తిన్నావు! నేను బడికెళ్లలేదు, నాకేటి తెలుసు? నీకు తెలుసు కదా!" నెత్తళ్ల డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

ఆ ఐదు వారాలు గుండె లయ తప్పుతూనే ఉంది. జూన్ 18న డోసు ఇచ్చారు. నవంబరుకు గ్రంథి పని ఆగింది. తప్పు నాదేనని చెప్పడానికి ఖుర్సీపార్ వెళ్లాను. అక్క గుమ్మంలోనే నిలబడి, "రంగు మారిందేటి, సాబ్?" అని తలుపు వేసేసింది.

కాగితంలో వద్దని రాసిన దాన్ని పరీక్షించకండి, మానండి.

ఈనాటికి, 1998 మార్చికి లెక్క ఇది. పోయినవి: థైరాయిడ్ గ్రంథి, ఐదు వారాలు, అక్క రాకపోకలు. మిగిలినవి: ఉద్యోగం, 74 నాడి, గ్రంథికి బదులుగా రోజూ పరగడుపున ఒక థైరాక్సిన్ మాత్ర.