చెప్పి కొట్టేవాడు

మా పెద్ద తమ్ముడు పోయాడన్న కబురు తెచ్చిన మనిషి గడప దాటి లోపలికి రాలేదు. ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు చెప్పులతోనే నిలబడ్డాడు. నేను అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి లేచాను. పుట్టినూరి మనిషి కదా అని, "రా అప్పా, రొంత కాఫీ తాగి పోదువు" అన్నాను.

"రాకూడదక్కా. నువ్వు బయల్దేరు, బస్సు పోతాది" అన్నాడు.

ఎవరని నేను అడగలేదు. అమ్మే అనుకున్నాను. డెబ్బై దాటిన మనిషి. ఆదోనిలో హొళగుంద బస్సు కోసం నిలబడినప్పుడు ఆయనే తల వంచుకుని చెప్పాడు, అమ్మ కాదని.

వాడు నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. ఊరు దాటితే ఎవరికీ తెలియని రైతు. చేను, ఎడ్లు, తాతనాటి ఒక తుపాకి, ఇంతే వాడి సంసారం. వాడి గురించి పెద్ద మాటలు రాయలేను. ఒక ఉదయం మాత్రం చెప్పగలను. అది గుర్తుంటే వాడు గుర్తున్నట్టే.

డెబ్బైల్లో ఒక ఏడు, విత్తనం పడిన మరునాడు. నేను పుట్టింటికి వచ్చి ఉన్నాను. అమ్మ ఇంకా వెలుతురు రాకముందే జొన్నరొట్టెలు తట్టి, ఊరిబిండి నూరి, సత్తు సద్దిగిన్నెలో సర్ది మూత పెట్టి తువ్వాలలో కట్టింది. అందరం బండెక్కి చేనికి పోయాం. అమ్మ, నేను, తమ్ముళ్లిద్దరూ. మా వైపు వేరుశనగను బుడ్డలంటాం. బుడ్డలు విత్తిన మరునాటి నుంచి మొలక నిలదొక్కుకునేదాకా కాకులు సాలు వెంబడి నడుస్తూ ఒక్కొక్క గింజా పెకలించి తింటాయి. చేని మూలనున్న పాడుబావిలో పావురాలు కాపురముండేవి. మట్టి పైన మిగిలిన గింజలు వాటి పాలు. ఆ నాలుగు దినాలు కాపలా కాయకపోతే ఏడాది కూడు పోయినట్టే.

తమ్ముడు బండి దిగి తుపాకి గొట్టంలో మందు పోశాడు. కొబ్బరిపీచు కూరి ఇనుపచువ్వతో దట్టించాడు. సీసపు గుండ్లు మాత్రం వేయలేదు. ఆకాశంలోకి ఒకసారి ఉత్త మందు పేల్చాడు. చేనంతా నల్లగా లేచి పోయింది.

"పండగ సేస్తాండావా అన్నా? ఉన్నవన్నీ పాయ!" అని చిన్నోడు నెత్తి కొట్టుకున్నాడు.

"సెప్పి కొట్టాలరా. పోయేటివి పోతాయి. సెప్పినా రాకమానని దాన్నే కొట్టాల."

ఎప్పుడూ అంతే. మొదటి దెబ్బ ఉత్తదే. ఆ తర్వాతే గుండ్లు. చిన్నోడు పాడుబావిలో రాయి వేస్తే పావురాలు ఒక్కసారిగా పైకి లేచేవి. రెండో మూడో పడేవి, ఇంటికి కూరకు సరిపడా. కాకిని మాత్రం ఒక్కదాన్నే కొట్టేవాడు. దాన్ని చేని నడుమ గుంజకు కట్టేవాడు. అది చూసి మిగిలినవి కొన్నాళ్లు దిగవు. ఆ ఏటికి కాకుల లెక్క అంతే.

కాకిని కట్టినాక పక్క చేని బావిలోకి దిగి తల మునిగేలా స్నానం చేసి వచ్చేవాడు. "అదీ ఒక చావే గదక్కా, మైల ఉంటాది" అనేవాడు. తుపాకిని గోనెసంచిలో చుట్టి బండి కింద పెట్టేవాడు. అప్పుడు గాని సద్ది విప్పేవాడు కాదు. విప్పినా ముందు తాను తినడు. గిన్నె మూత తీసి వేలి కణుపుతో టక్కు టక్కుమని తట్టి, రొట్టె ముక్క గట్టు మీద పెట్టేవాడు. అంతసేపూ దూరాన తుమ్మచెట్టు మీద అరుస్తున్న కాకులు ఒక్కొక్కటే దిగేవి.

"ఇప్పుడే గదరా కొట్టినావు. అప్పుడే పిలుస్తాండావా?" అన్నాను.

"కొట్టేది కొట్టేదే, పెట్టేది పెట్టేదే అక్కా. తుపాకి కండ్లబడితే మాత్రం రావు. వాటికి మనకంటే గ్యాపకం జాస్తి."

అమ్మ నవ్వుతూ, "కాకుల్ని కొట్టే మొగం నీది. రేపు నీ పిండానికి ఏ కాకి వస్తాదిరా?" అంది.

"ముందు నీ పిండానికి పిలవాల గదమ్మా. దానికే వాటితో సావాసం సేస్తాండా" అన్నాడు వాడు. అమ్మ ఉల్లిగడ్డ తీసి వాడి మీదికి విసిరింది. వాడు దాన్ని గాలిలోనే పట్టుకుని కొరికాడు. అందరం నవ్వాం. ఎండ ఇంకా ఎక్కలేదు. అలాంటి ఉదయాలు ఎన్నో గడిచాయి. ఇది ఒకటి.

పెద్దల అమావాస్యకు ముందు పక్షం రోజులూ తుపాకి దూలానికి ఎక్కేది. బుడ్డలు ఊరే రోజులవి. కాకులు ఎంత తవ్వినా వాడు చేత్తో అదిలించేవాడంతే. "ఈ పదైదు దినాలు చుట్టాలు. ఆమీట దొంగలు" అనేవాడు. పక్క చేనాయన ఒక ఏడు పురుగుమందు కలిపిన గింజలు తెచ్చి, ఒక్కసారి చల్లితే పీడ పోతుందన్నాడు. వాడు ఆ సంచి తిరిగి ఆయన చేతిలోనే పెట్టాడు. "విషానికి సెప్పి కొట్టేది రాదు మామా" అన్నాడు. ఆయన చాలాకాలం ఈ మాట చెప్పి నవ్వేవాడు. వాడు పోయినప్పుడు మొదట వచ్చి పాడె కట్టిందీ ఆయనే.

మా మరదలిది హాలహర్వి వైపు. పుట్టింట్లో కన్నడం. మా ఇంటికి వచ్చినాక తెలుగు నేర్చుకుంది గాని మాట తక్కువ. "మా ఇంట్లో గట్టిగా మాట్లాడేది తుపాకి ఒకటే" అని తమ్ముడు ఆటపట్టించేవాడు. ఆమె తల వంచుకుని నవ్వేది. వాళ్లకు పిల్లలు లేరు. అమ్మ మోకాళ్లు పట్టుకుపోయినాక చేనికి సద్ది మోసుకుపోయే పని ఆమెదైంది. పొద్దున పోయి, మాపటికి వాడి వెనకే బండిలో తిరిగివచ్చేది. చేనిలో వాళ్లేం మాట్లాడుకునేవాళ్లో నాకు తెలియదు.

ఈ ఎండాకాలం, విత్తనానికి ముందు నేల దున్నుతూ వాడు పడిపోయాడు. మేడి పట్టిన చేయి పట్టినట్టే ఉందట. ఎడ్లు కదలకుండా నిలబడ్డాయట. ఆ రోజు మరదలికి జ్వరం. సద్ది వాడే పట్టుకుపోయాడు. గుండె ఆగిందన్నారు. నేను చేరేసరికి అమ్మ ఏడవడం లేదు. వేపచెట్టు కింద దొరికిన సద్దిమూటను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి మూట విప్పింది. రొట్టెలు తుంచకుండా ఉన్నాయి.

"తిననే లేదు సూడమ్మీ" అంది. పెద్దదినం దాకా అమ్మ నోట నేను విన్నది ఆ ఒక్క మాటే.

చేని గట్టునే పూడ్చాం. పెద్దదినం నాడు సమాధి దగ్గర విస్తరి వేశాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ అక్కడ పెట్టడం మా ఆచారం. జొన్నరొట్టె, ఊరిబిండి, ఉల్లిగడ్డ, బీడీకట్ట పెట్టాం. కొత్త రొట్టెలు ఆ సత్తుగిన్నెలోనే తెచ్చి, మూత తీసి పక్కన పెట్టాం. కర్మ చేసింది చిన్నోడు. ఏడుస్తూ ఇంటికి పరుగెత్తి తుపాకి తెచ్చాడు. దానికి విభూది పూసి, పూలు చుట్టి, విస్తరి పక్కనే ఆనించాడు. "అన్నకు దీనికంటే ఇష్టమైంది ఏముంది?" అన్నాడు. నిజమే అనిపించింది అందరికీ. నాకూ అనిపించింది.

కాకి ముట్టాలి. ముట్టినాకే ఇంట్లో ఎవరైనా మెతుకు తినాలి. అమ్మకు మాత్రం అది ఆచారం కాదు. కొడుకు ఆకలి తీరిందో లేదో తెలిసేది దానితోనే.

కాకులు లేక కాదు. తుమ్మచెట్టు నల్లగా ఉంది. ఒకటే అరుపు. ఒక్కటీ దిగలేదు.

ఏదో కోరిక మిగిలిపోయిందన్నారు పెద్దలు. చిన్నోడు చేతులు జోడించి, "అన్నా, వదినను నా తల్లి మాదిరి సూసుకుంటా" అన్నాడు. దిగలేదు. "సేను అమ్మను, కౌలుకీ ఇయ్యను" అన్నాడు. దిగలేదు. ఎండ ముదిరింది. విస్తరి అంచులు ముడుచుకున్నాయి. నేను కళ్లు మూసుకుని దేవుణ్ని వాడి కోసం ఒక్క ముద్ద అడిగాను. అంతకుమించి ఏమీ అడగలేదు.

అమ్మ నేల మీద చరిచింది. "నా నోరు పడిపోనూ! నేనే గదమ్మా అంటి. ఏ కాకి వస్తాదని నేనే అంటి. నా కొడుకు ఆకలితోనే ఉండాడు."

నాకు అప్పుడు తోచింది. "తుపాకి తీయరా" అన్నాను.

చిన్నోడికి అప్పుడు గుర్తొచ్చింది. గబుక్కున లేచి తుపాకిని రెండు చేతులా ఎత్తాడు. అంతే, తుమ్మచెట్టు మీది కాకులన్నీ ఒక్కసారిగా లేచి గుట్టల వైపు పోయాయి. చెట్టు ఖాళీ. వాడు తుపాకి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వేపచెట్టు కింద కొంగు కప్పుకుని కూర్చున్న మరదలు లేచింది. దినాలన్నిటిలో ఆమె గొంతు వినడం అదే మొదలు.

"దాన్ని గోనెలో సుట్టు, చిన్నోడా. మొగోళ్లందరూ బండి ఆవలికి పోండి."

ఆమెను అక్కడికి రానివ్వకూడదని ఎవరో గొణిగారు. అమ్మ చేయెత్తి వాళ్ల నోరు మూయించింది. మరదలు విస్తరి దగ్గర కూర్చుని మూత చేతిలోకి తీసుకుంది. వేలి కణుపుతో తట్టింది. టక్కు, టక్కు. ఆగింది. మళ్లీ తట్టింది. వాడు తట్టినట్టే, అదే ఎడం ఇచ్చి. ఇన్నేళ్లూ ఆ చేనిలో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో నాకప్పుడు కొంచెం తెలిసింది.

చాలాసేపటికి ఒకటి వచ్చింది. చేని నడుమ గుంజ మీద వాలింది. ఏటేటా చచ్చిన కాకిని కట్టే గుంజ అది. మెడ వంచి ఆమెను చూసింది. దిగింది. రొట్టె అంచు చించుకుని గట్టు మీదికి పోయింది. వెనకే ఇంకొకటి. ఆ వెనక ఎన్నో.

"తిన్యాడు" అంది అమ్మ. అప్పుడు ఏడ్చింది.

కాకులు విస్తరి మీద ముసిరినా మరదలు తట్టడం ఆపలేదు. నేను పోయి ఆమె చేయి పట్టుకున్నాను. కణుపు మీద తోలు లేచి ఉంది.

ఆ సాయంత్రం అందరం అరుగు మీద కూర్చున్నాం. లైసెన్సు తన పేరుకు మారేదాకా తుపాకిని ఠాణాలో అప్పగించి వస్తానన్నాడు చిన్నోడు. వచ్చినాక కూడా దాన్ని ముట్టనన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. చేను ఎవరు కాస్తారని అడిగింది. వాడే కొట్టాలంది, కాని అన్న కొట్టినట్టే కొట్టాలంది. మొదటిది ఉత్తది, కాకి ఒక్కటే, ఆ తర్వాత స్నానం. మరదలు పుట్టింటికి పోదు, చేనికి సద్ది ఆమే తెస్తుంది. సద్దిగిన్నె మూతను చేనిలోని గుంజకు కట్టి రావాలని మరదలు అడిగింది. గాలికి మోగి కాకుల్ని పిలుస్తుంది, విత్తనం దక్కదన్నాడు చిన్నోడు. విత్తే రోజు పొద్దున విప్పి తెచ్చేయాలని అమ్మ తేల్చింది.

"అంతదంకా ఉండనీ" అంది. "అంతదంకా చుట్టాలే."