గిర్ని ఆపించిన లక్ష్మీనర్సమ్మ

కాశిబుగ్గలో పిండిగిర్ని రాయమల్లుతో లక్ష్మీనర్సమ్మ పెట్టుకున్న కొట్లాటను మొగిలమ్మ మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూసింది. జొన్నల గిన్నె చంకనెత్తుకుని వరుసలో ఉన్నాను కాబట్టి చూడక తప్పలేదని తర్వాత అందరికీ చెప్పుకుంది. గిన్నె లేకున్నా చూసేదే.

"నీ గిర్ని తిరిగినప్పుడల్లా మా ఇంట్ల కరెంటు సగమైతాంది. నా కంప్యూటర్ ఆగిపోతాంది" అన్నది లక్ష్మీనర్సమ్మ.

"నా గిర్ని మా నాయిన పెట్టింది నర్సక్కా. నీ కంప్యూటర్ మొన్న వచ్చె. ఎవలు ఎవలి కోసం ఆగాలె?"

"ముందొచ్చిన చెవుల కన్న వెనకొచ్చిన కొమ్ములే వాడి, తమ్మీ."

"గట్లనా? అయితే ఆ కొమ్ములతోనే పిండి పట్టుకో."

వరుసలో ఉన్న ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. అక్కడ ఇంకొకరైతే ముఖం మాడ్చుకుని ఇంటిదారి పట్టేవాళ్లు. లక్ష్మీనర్సమ్మ మాత్రం రాయమల్లును వదిలేసి ఆ ఆడవాళ్ల వైపు తిరిగింది.

"నవ్వుండ్రి. మీ పిల్లల పరీక్ష పేపర్లు నా మిషన్ల కొడ్తాన. పేపర్లు కాకుంటె పరీక్షలు వెనకకు పోతయ్. సెలవులిచ్చి పిల్లలను ఇంటికి తోలుతరు. ఇంటికాడ పెట్టుకోండ్రి మరి, దినమంత."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. నలుగురు మగపిల్లల తల్లి ఒకామె ముందుగా తేరుకుని, "ఓ రాయమల్లూ, జర బందు పెట్టరాదయ్యా" అన్నది. ఇక రాయమల్లు ఏం చేస్తాడు? పగటి అన్నం వేళ నుంచి దీపాల వేళ దాకా గిర్ని తిప్పనని ఒప్పుకున్నాడు. "గిర్ని బందైనంక గూడ అది ఆగితె?" అని మాత్రం అడిగాడు.

గెలిచిన మనిషి అక్కడితో ఊరుకోవచ్చు గదా!

"ఆగితె ఆ కంప్యూటర్ నీకే. తెచ్చి గిర్నిల పెట్టుకో, పిండి గిన్నెలు పెట్టుకునేతందుకు పనికొస్తది" అన్నది అందరి ముందర.

లక్ష్మీనర్సమ్మ సంగతి అంతే. తన ఇంటి ముందరి గదిలో టైపు మిషన్లు పెట్టి వాడలోని ఆడపిల్లలకు నేర్పించేది. బస్సు కండక్టర్‌తో గెలిచింది, మునిసిపాలిటీ నల్లా మనిషితో గెలిచింది, సొంత మామతోనూ గెలిచింది. ఆమె పద్ధతి ఒక్కటే. ఎదుటి మనిషిని మాట్లాడనిచ్చి, అతని మాటతోనే అతన్ని కట్టేసేది.

కంప్యూటర్‌ను ఆమె తమ్ముడు పట్నంలో ఓ ఆఫీసువాళ్లు వదిలించుకుంటుంటే తెచ్చిపెట్టాడు. అప్పటికి వాడలో ఎవరింట్లోనూ అట్లాంటిది లేదు. ప్రైవేటు బడి పెద్దసారు కిషన్ రావు పరీక్ష పేపర్లు టైపు చేసే పని ఆమెకే ఇచ్చాడు.

గిర్ని బందయింది. మొగిలమ్మ పిండి పట్టించని జొన్నల గిన్నెతో సహా లక్ష్మీనర్సమ్మ ఇంటికి వచ్చి, లోపలి గదిలో కంప్యూటర్ ముందర కూర్చుంది. పెట్టెలోకి ఫ్లాపీ అనే అట్ట ఒకటి పోతే మిషన్ లేస్తుంది, రెండో ఫ్లాపీలో కొట్టిన పేపరు దాచుకోవాలి. మొగిలమ్మకు అది చూడగానే తెలిసిపోయింది. రెండో తరగతి దాకా చదివిన మనిషి ఆమె. చదువురానిదానివని ఎవరైనా అంటే ఊరుకునే రకం కాదు.

మిషన్ బాగానే లేచింది. ఆకుపచ్చ అక్షరాలు బారులు తీరాయి. లెక్కల పేపరు అయిపోయింది. దాచమని మీట నొక్కగానే పెట్టె గర్రు గర్రుమని, గొంతులో ముల్లు ఇరుక్కున్న పిల్లిలా మూలిగి ఆగిపోయింది. ఏ మీట నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

బయట గిర్ని చప్పుడు లేదు.

లక్ష్మీనర్సమ్మ మిషన్‌ను ఆర్పి మళ్లీ వెలిగించింది. ప్లగ్గు మార్చింది. ఉడుకెక్కిందేమోనని టేబుల్ ఫ్యాన్ పెట్టింది. పేపరు మళ్లీ కొట్టడం, మళ్లీ దాచబోవడం, అది మళ్లీ మూలగడం. "ఏందే నీ బాధ? నోరు తెరిచి చెప్పరాదా?" అని తిట్టింది. అదే గదా చిక్కు! నోరున్న వాళ్లందరినీ గెలిచిన మనిషి నోరు లేనిదాని ముందర కూలబడింది. రేపు దాన్ని మోసుకుపోయి పిండి దుమ్ములో పెట్టాలి.

"దిష్టి తాకిందేమో బిడ్డా. ఉప్పు తిప్పేద్దామా?" అన్నది మొగిలమ్మ.

"దిష్టెట్ల తాకుతది పెద్దమ్మా? దసరాకు టైపు మిషన్లతోటి దీనికి గూడ పసుపు కుంకుమ…"

లక్ష్మీనర్సమ్మ కూడా కంప్యూటర్ లాగే మాట మధ్యలో ఆగిపోయింది. లేచి ఫ్లాపీల డబ్బా బోర్లించింది. నల్లటి పలచటి చదరపు అట్టలు. ఒక్కోదానికి కోలగా కోసిన చిన్న కిటికీ, అందులోంచి లోపలి గోధుమరంగు పొర కనబడుతుంది. సరిగ్గా ఆ కిటికీలో, నుదుటి మీద పెట్టినంత ముచ్చటగా, అన్నింటికీ బొట్లు! పూజ నాడు మిషన్ లోపల ఉండిపోయిన ఒక్క ఫ్లాపీ తప్పించుకుంది. అందుకే మిషన్ లేస్తున్నది, దాచమంటే కుంకుమ అడ్డం పడి చస్తున్నది.

"ఎవలు పెట్టిండ్రే ఇవి?" అన్నది మొగిలమ్మ, తెలిసే.

"నేనే."

ఆ నోటి నుంచి ఆ మాట అంత చిన్నగా రావడం మొగిలమ్మ అంతకు ముందు వినలేదు. నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నది.

టైపు అక్షరాలు తుడిచే స్పిరిట్‌లో దూది ముంచి, చీపురుపుల్లకు చుట్టి, లక్ష్మీనర్సమ్మ పెట్టె నోరంతా మెల్లగా తుడిచింది. అప్పటిదాకా విప్పని కొత్త ఫ్లాపీ తీసి పెట్టి, పేపరు ఇంకోసారి కొట్టి మీట నొక్కింది. పెట్టె కాసేపు గొణిగి, దాచుకున్నానని చెప్పింది.

"పో పెద్దమ్మా, గిర్ని తెరువుమని చెప్పు. నీ జొన్నలు గూడ పట్టిచ్చుకో."

"మరి నీ మాట? ఆగితె కంప్యూటర్ ఇస్తనంటివి."

"ఆగింది ఎవలు చూసిండ్రు?"

"నేను చూసిన."

ఎదుటి మనిషి మాటతో కట్టేసే మనిషి, తన మాటతో తానే కట్టుబడింది. కుప్పలోంచి అన్నిటికన్నా పెద్ద బొట్టున్న ఫ్లాపీని తీసి జొన్నల మీద పెట్టింది.

"ఇది గూడ కంప్యూటరే. రాయమల్లుకు ఇయ్యి. నర్సక్క మాట తప్పలేదని చెప్పు. బొట్టెందుకు ఉన్నదని అడిగితె…" బొట్టు కనబడకుండా నాలుగు జొన్నలు మీదికి నెట్టింది. "అడిగితె, నాకేం ఎరుక, నాకు సదువు రాదని చెప్పు పెద్దమ్మా. ఈ ఒక్కసారికి."