ఎడమచేతి కుట్లు

నిన్న పొద్దున్నే ఉడుమలైపేట నుంచి వచ్చిన బండివాడు ఒక మూట దించి వెళ్ళాడు. ముడి విప్పగానే వేపాకు వాసన వచ్చింది, దాని వెనక పొయ్యి పొగ వాసన, ఆ రెండింటికీ అడుగున ఎప్పటిదో పసిబిడ్డల ఆముదం వాసన. మడత విప్పకముందే అది ఏ బొంతో నాకు తెలిసిపోయింది. నా మేనకోడలు బిచ్చమ్మ కూతురు పురిటికి వచ్చిందట. బొంత ఒక మూల చినిగిందనీ, ఎవరి చేతా కుట్టించడం ఇష్టం లేక అత్త చేతికే పంపుతున్నాననీ కబురు పెట్టింది. దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. ఆ బొంతను మొదలుపెట్టింది మా అత్తగారు రంగమ్మ. ఆవిడను చూసినవాళ్ళు ఇప్పుడు ఊళ్ళో నలుగురు కూడా మిగల్లేదు. అందుకే మా నాన్న ఇసుకలో దిద్దించిన నాలుగక్షరాలతో ఆవిడ సంగతి రాసి పెడుతున్నాను.

నేను సూలూరు పక్కనున్న ఈ ఊరికి కోడలిగా వచ్చినప్పుడు ఇంకా కుంపిణీ వాళ్ళ ఏలుబడే. రైలు మాట ఎవరూ ఎరగరు. ఊరంతా నల్లరేగడి, పత్తి, జొన్న. వానపడితే కాలు తీసి కాలు పెట్టలేము. నాకు పుట్టుకతోనే ఎడమచేతి వాటం. పుట్టింట్లో దాన్ని ముద్దు చేశారు గాని, అత్తింట్లో మొదటిరోజే గరిటె ఎడమచేత్తో పట్టుకుని పదిమంది ముందు నవ్వులపాలయ్యాను. మర్నాటి నుంచి రంగమ్మత్త నేను వడ్డనకు దిగేముందు నా కొంగు చివరనే నా ఎడమ మణికట్టుకు ముడివేసి నడుములో దోపేసేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎన్నిసార్లు పెరట్లోకి పోయి ఏడ్చానో లెక్కలేదు. ఒకసారి అత్త చూసి పక్కన కూర్చుంది. "నీ చెయ్యి నాకేమీ చేదు గాదమ్మణీ. ఈ ఊళ్ళో ఏం జరిగినా ఆ చేతి మీద పెడతారు, అందుకు కడతా ఉండాను" అంది. ఆ మాట నాకప్పుడు తలకెక్కలేదు. సాకు చెబుతోంది అనుకున్నాను.

ఆవిడకు ఇద్దరే బిడ్డలు, మా ఆయన, ఆయన అక్క లచ్చమ్మ. లచ్చమ్మ వదినను ఉడుమలైపేట వైపు ఇచ్చారు. మొదటి బిడ్డ పుట్టిన మూడో నెలలో పోయింది. రెండోసారి ఏడో నెల నిండాక పుట్టింటికి తీసుకొచ్చారు. ఎప్పుడూ పొట్ట మీద చెయ్యి వేసుకుని గోడకేసి చూస్తూ ఉండేది. మాలో ఒక ఆచారం ఉంది. ఒక బిడ్డ పోయాక పుట్టే బిడ్డకు సొంతింటి గుడ్డ తగలకూడదు. పిల్లలు నిక్షేపంగా బతికిన ఏడిళ్ళకు వెళ్ళి, కొంగు పట్టి, పాతగుడ్డలు బిచ్చమడిగి, వాటితో బొంత కుట్టాలి. పదకొండో రోజు స్నానమయ్యాక బిడ్డను దాని మీద పడుకోబెట్టాలి. నలభై ఎకరాల ఇంటి ఇల్లాలు మా రంగమ్మత్త. ఒకరి గుమ్మం ముందు నిలబడి ఉప్పురాయి కూడా అడిగి ఎరగదు. అలాంటి మనిషి నన్ను వెంటబెట్టుకుని ఏడిళ్ళూ తిరిగింది. చివరిది ఊరవతల మంత్రసాని ఇల్లు. ఎనిమిదిమంది పిల్లలు వాకిట్లో దుమ్ములో దొర్లుతున్నారు. మంత్రసాని కంగారుపడి ఉన్నంతలో మంచి చీర తీయబోతే, అత్త వద్దని, పిల్లల కింద పరిచే చిరుగుల గుడ్డ అడిగి మరీ తెచ్చుకుంది. దారిపొడుగునా ఆ గుడ్డను చంటిబిడ్డను మోసినట్టు మోసింది.

ఇక కుట్టడం. పేలికలన్నీ ఉతికి, ఎండబెట్టి, అడిగి తెచ్చిన వాటిలోనే రెండు పాత పంచెల మధ్య పేర్చి, ఇంట్లో రాట్నం మీద వడికిన నూలుతో వరస తరవాత వరస కుట్టుకుంటూ పోవాలి. ఇంట్లో కూర్చోనిచ్చేవాళ్ళెవరు? పత్తి తీసే కూలీలకు సంగటి కావాలి, మామగారికి దగ్గుకు కషాయం కావాలి, ఈనిన గేదె ఎవరినీ దగ్గరికి రానివ్వదు. ఒకరోజు జానెడు నడిస్తే రెండోరోజు బెత్తెడు. మరో రోజు సూదిలో దారం ఎక్కించేసరికే పిలుపు వచ్చేది. సాయంత్రం వదిన ఏమీ అడగకుండా బొంత అంచు వేళ్ళతో కొలుచుకునేది. అది చూసి అత్త మర్నాడు ఇంకాస్త ముందు లేచేది. సగం దాటిందనగా, ఒకరోజు అత్త పెద్ద గుమ్మడికాయను కత్తిపీట మీద పెట్టి నొక్కుతుంటే జారి, కుడిచేతి బొటనవేలి మొదట్లో చీరుకుపోయింది. పెద్ద గాయమేమీ కాదు, పసుపూ సున్నం పెట్టి కట్టుకట్టారు. కానీ ఆ వేలు వంగదు, సూది నిలవదు. వదినకు తొమ్మిదో నెల. బిడ్డ తల్లి కుట్టకూడదు, ఇంట్లో ఇంకో ఆడది లేదు, నేను తప్ప.

ముందు కుడిచేత్తోనే ప్రయత్నించాను. కోడి గీరినట్టు వచ్చాయి కుట్లు. అత్త చూసి మొహం తిప్పుకుంది. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ నడుం వాల్చగానే, ముడి విప్పుకుని ఎడమచేత్తో మొదలుపెట్టాను. ఎన్నాళ్ళకు నా చెయ్యి నాకు తిరిగొచ్చిందో! నాలుగు మధ్యాహ్నాల్లో రెండు జానలు కుట్టేశాను. అయిదో రోజు ఆవిడ వచ్చి బొంత మీద చెయ్యి వేసి తడిమింది. కుడిచేతి కుట్టు ఒకవైపు వాలుతుంది, ఎడమచేతి కుట్టు రెండోవైపు వాలుతుంది. దాచాలన్నా దాగదు. విప్పెయ్యమంటుందని తల వంచుకుని కూర్చున్నాను. బిడ్డ బతకడం కోసం ఏడిళ్ళు తిరిగి తెచ్చిన గుడ్డలో నా ఎడమచెయ్యి పెట్టానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆవిడ కుట్లను దగ్గరగా పట్టి చూసింది. నా వరస కన్నా నీ వరస నున్నగా ఉండాది అని ఒప్పుకోలేక ఒప్పుకున్నట్టు చెప్పి, వాకిలి దగ్గర కూర్చోవద్దనీ, లోపలి గదిలో కూర్చుని కుట్టమనీ అంది. అక్కడితో ఊరుకోలేదు. ఎడమచేత్తో కుట్టడం తనకూ నేర్పమంది. పని లేక కాలక్షేపానికి అడుగుతోందనుకున్నాను. రోజూ కాసేపు నా ఎదురుగా కూర్చుని ఒక పాతగుడ్డ మీద సూదితో కుస్తీపట్టేది. వేళ్ళు పొడుచుకునేది, సూదిని తిట్టేది, దాన్ని తయారుచేసిన కమ్మరిని తిట్టేది. సూది తిన్నగా పట్టుకోమని నేను ఆవిడ చేతి మీద చరుస్తుంటే నాకు లోలోపల ఎంత సంబరంగా ఉండేదో, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆడపిల్ల పుట్టింది. బిచ్చమడిగి తెచ్చుకున్న బిడ్డ కాబట్టి బిచ్చమ్మ అని పేరు పెట్టారు. పదకొండో రోజుకు బొంత సిద్ధం. అంతా బాగుందనుకుంటున్న రెండో నెలలో బిడ్డకు జ్వరం, దగ్గు. పాలు తాగదు. కబురందుకుని ఉడుమలైపేట నుంచి లచ్చమ్మ వదిన అత్తగారు బండి కట్టించుకుని వచ్చింది. బిడ్డను చూసి, బిడ్డ కింద బొంతను చూసింది. ఆవిడ కూడా కుట్టేమనిషే. ఒక పక్క వాలు మారిందని వెంటనే పట్టేసింది. ఈ ఇంట్లో ఎడమచేతి మనిషి ఎవరని అడిగింది. అడుగుతూనే నా వైపు చూసింది. నా చెయ్యి దానంతటది వీపు వెనక్కి పోయింది. లచ్చమ్మ వదిన కూడా తలెత్తి నన్నే చూసింది. ఆ చూపు ఈనాటికీ మరిచిపోలేదు.

"ఆ కుట్లు నావే వదినె" అంది రంగమ్మత్త వియ్యపురాలితో. కుడిచెయ్యి చాపి బొటనవేలి మచ్చ చూపించింది. "ఈ చెయ్యి కోసుకునింది. ఆ చేత్తో కుట్టినా. అనేదుంటే నన్ను అను."

వియ్యపురాలు నమ్మలేదు. ఈ వయసులో ఎడమచెయ్యి ఎలా తిరిగిందో చూపించమంది. అత్త గోడకు గుచ్చిన సూది తీసి, బిడ్డను కదపకుండా, బొంత మూల ఒళ్ళోకి లాక్కుని ఎడమచేత్తో నాలుగు కుట్లు వేసింది. వంకరటింకర కుట్లు. అయినా వాలు మాత్రం నా వైపు వాలే. వియ్యపురాలు ఆ కుట్లను వేలితో తడిమి వెనక్కి జరిగింది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ మధ్యాహ్నాలన్నీ ఈవిడ నేర్చుకున్నది ఎందుకో.

అయిదో రోజుకు జ్వరం దిగి బిడ్డ పాలు తాగింది. ఇంట్లో అందరికీ ఊపిరి వచ్చింది. బావి దగ్గర ఇద్దరమే ఉన్నప్పుడు, బిడ్డకు జరగరానిది జరిగి ఉంటే ఎలా అత్తా, ఆ మాట నీ మీద పడేదే అన్నాను. బిందె చంకనెత్తుకుంటూ చెప్పింది.

"నేను ముసలిదాన్ని. నన్ను ఇంగెన్ని దినాలు అంటారు? నిన్నైతే బతుకంతా అనేవాళ్ళమ్మణీ."

మర్నాటి నుంచి నా మణికట్టుకు ముడి వెయ్యలేదు. అంతటితో మానేసింది. మూడేళ్ళ తరవాత బిచ్చమ్మ చెవులు కుట్టినప్పుడు చుట్టాలంతా చేరారు. ఆ వియ్యపురాలే బొంతను తిరగేసి చూసి, ఎడమచేతి పక్కే నున్నగా ఉందని మెచ్చుకుంది. అత్త వక్క కొరుకుతూ, అది నాది గాదు నా కోడలిది, మూలన ఉండే నాలుగు వంకర కుట్లే నావి అని, నలుగురికీ వినబడేలా చెప్పింది. నిందను ఉంచుకుని మెప్పును నాకిచ్చేసింది. పందిట్లో అందరూ నవ్వారు. లచ్చమ్మ వదిన లేచి వచ్చి నా ఎడమచెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు బొంత చినిగింది సరిగ్గా ఆ మూలే. ఆ నాలుగు కుట్లలో దారం వదులైంది గాని తెగలేదు. ఇవాళ పొద్దున సూదీ నూలూ తీసుకుని లోపలి గదిలోకి పోబోయి, ఆగి, వీధి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా ఎడమచేత్తో ఆ చినుగు చుట్టూ కుట్టాను. ఆవిడ నాలుగు కుట్ల జోలికి మాత్రం పోలేదు.